జైలు నుంచి మ్యాట్ మీదికి: అనంతపురంలో ఒక కబడ్డీ రైడర్ కేసు

2023 చివర్లో అనంతపురం జిల్లాలోని ఒక కబడ్డీ సంఘం ముగ్గురితో విచారణ కమిటీ వేసింది. మనిషి ప్రాణం పోయిన కేసులో శిక్ష పడి, అది పూర్తి చేసుకుని బయటికొచ్చిన ఆటగాడు జిల్లా జట్టు సెలక్షన్లకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అతన్ని రానివ్వాలా వద్దా తేల్చి చెప్పమన్నారు. కమిటీలో నేనొకణ్ణి. జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే వకీలును. రెండో ఆయన రిటైరైన పీడీ, అంటే వ్యాయామ శిక్షకుడు. మూడో ఆమె ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడి, ఇప్పుడు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్న కోచ్.

ఊళ్ళ పేర్లు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆటగాణ్ణి, కూతకెళ్ళి ఆడేవాడు గనుక, రైడర్ అనే పిలుస్తాను. చనిపోయిన కుర్రాడి తల్లికి ఇలా రాస్తున్నానని చెప్పి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. శిక్ష ముగించుకున్న మనిషిని ఆట నుంచి జీవితాంతం వెలివేయకూడదు. అలాగని మ్యాట్ మీదికి రానిచ్చినంత మాత్రాన పోగొట్టుకున్నవన్నీ తిరిగి చేతిలో పెట్టనక్కర్లేదు. ఆడటం, జిల్లా జెర్సీ వేసుకోవడం, కెప్టెన్ కావడం, వేదికెక్కి శాలువా కప్పించుకోవడం, పిల్లలకు నేర్పడం వేర్వేరు విషయాలు. అన్నిటినీ ఒకే మూటగా కట్టి ‘రానివ్వాలా, వద్దా’ అని అడిగితే ఏ జవాబు చెప్పినా ఎవరికో అన్యాయం జరుగుతుంది.

కేసు పూర్వాపరాలు

2017లో ఉగాది తర్వాత ఒక ఊరి తిరుణాలలో కబడ్డీ పోటీలు పెట్టారు. మన సీమ పల్లెల్లో ఇవి ఎలా జరుగుతాయో తెలిసిందే. ఫ్లడ్‌లైట్లు, మైకు, నగదు బహుమతి, పక్క తాలూకాల నుంచి డబ్బిచ్చి పిలిపించుకున్న రైడర్లు. ఫైనల్ చివరి నిమిషాల్లో మన రైడర్ కూతకెళ్ళాడు. కుడి కార్నర్లో ఉన్న డిఫెండర్‌ను తాకానన్నాడు, తాకలేదని అతనన్నాడు. రెఫరీ పాయింటు ఇవ్వలేదు. జట్టు ఓడిపోయింది.

రాత్రి టీ కొట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. రైడర్ షామియానాకు కట్టిన కర్ర ఊడబీకి ఆ డిఫెండర్ తల మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. అనంతపురం ఆసుపత్రికి, అక్కణ్ణుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మూడో రోజు కుర్రాడు చనిపోయాడు. వయసు 21. రైడర్‌కు అప్పుడు 22.

పోలీసులు అప్పట్లో అమల్లో ఉన్న ఐపీసీ 302 (హత్య) కింద కేసు కట్టారు. పాత కక్షలు లేవని, అప్పటికప్పుడు పుట్టిన గొడవలో ఒక్క దెబ్బే కొట్టాడని చూసి, 300వ సెక్షన్‌లోని నాలుగో మినహాయింపు వర్తింపజేసి సెషన్స్ కోర్టు దాన్ని 304 రెండో భాగానికి తగ్గించింది. అంటే చంపాలన్న ఉద్దేశం లేదు, కానీ ఆ దెబ్బకు ప్రాణం పోవచ్చని తెలుసు. దానికి గరిష్ఠంగా 10 ఏళ్ళ దాకా వేయొచ్చు. 2019లో 5 ఏళ్ళ కఠిన కారాగార శిక్ష వేసి, జరిమానాలో కొంత తల్లికి పరిహారంగా ఇమ్మంది. రైడర్ అప్పీలుకు పోలేదు. కడప సెంట్రల్ జైల్లో ఉండి, చివర్లో బుక్కరాయసముద్రం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలుకు మారాడు. రిమాండులో ఉన్న కాలం, రెమిషన్ అనే శిక్ష తగ్గింపు కలిసొచ్చి 2023లో విడుదలయ్యాడు.

తీర్పులో ఇంకో సంగతి ఉంది. సంఘం మాకిచ్చిన కాగితాల్లో దాని ప్రస్తావనే లేదు. ప్రాసిక్యూషన్ కళ్ళారా చూశారని పెట్టిన సాక్షుల్లో ఇద్దరు కోర్టులో మాట మార్చారు. టీ కొట్టు యజమాని గట్టిగా నిలబడబట్టి, వైద్య సాక్ష్యం తోడవబట్టి శిక్ష పడింది. ఈ సంగతే చివరికి మా విచారణ దారిని మలిచింది.

ఆ ఇంట్లో

విచారణ రైడర్‌తో మొదలుపెడదామని పీడీ సార్ అన్నారు. ముందు చనిపోయిన కుర్రాడి ఇంటికి వెళ్ళాలని కోచ్ మేడం పట్టుబట్టింది. ఆమె మాటే నెగ్గింది, అదే సరైంది. ఆటగాడి కథ ముందు విన్నవాళ్ళు కుటుంబం దగ్గరికి ఒక నిర్ణయంతో వెళతారు. ఏం కావాలని అడగరు, దేనికి ఒప్పుకుంటారని అడుగుతారు.

కళ్యాణదుర్గం వైపు చిన్న ఊరు. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. చిన్నకొడుకు డిగ్రీ చదువుతున్నాడు. అన్న చనిపోయినప్పుడు వాడికి 13 ఏళ్ళు. తర్వాత వాడూ కబడ్డీలోకే వచ్చాడు. అన్న నిలబడిన కుడి కార్నర్లోనే నిలబడతాడు. ఈసారి సీనియర్ సెలక్షన్లకు వాడూ దరఖాస్తు పెట్టాడు. ఈ సంగతి సంఘానికి తెలుసు. రెండు దరఖాస్తులూ ఒకే ఫైల్లో ఉన్నాయి, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

తల్లి మాటలు ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.

“జైలుకు పోయొచ్చినాడు, నాకు తెలుసు సారూ. కొట్టినందుకు పోయినాడు. మా ఎదురింటాయప్ప కోర్టులో నేను చూడలేదన్నాడే, ఆయప్పను తిప్పినందుకు ఎవురు పోయినారు?”

అతను మళ్ళీ ఆడటం గురించి ఏమనుకుంటున్నారని మేడం అడిగింది.

“ఆడుకోనీమ్మా. ఆడొద్దంటే నా కొడుకొస్తాడా? మా ఊర్లో ఆడకూడదు. మా ఊరి తిరుణాలలో మైకులో వాని పేరు చెప్పకూడదు. అది నేను వినలేను.”

చిన్నవాడు బయటిదాకా మాతో వచ్చాడు. తల్లి ముందు చెప్పలేనిది వీధిలో చెప్పాడు. “సెలక్షన్లలో నన్ను డిఫెన్స్‌లో నిలబెడతారు, ఆయన్ని రైడ్‌కు పంపుతారు. యాంకిల్ హోల్డ్ వేయాలి కదా సార్. నేను ఆయన కాలు పట్టుకోవాల్నా?”

క్రికెట్లో బౌలరుకూ బ్యాట్స్‌మన్‌కూ మధ్య 22 గజాలుంటాయి. కబడ్డీలో ఒకరి ఒంటిని ఒకరు పట్టుకోకుండా ఆటే లేదు. ‘రెండు పక్షాలూ హుందాగా ఉండాలి’ లాంటి వాక్యాలు రిపోర్టులో రాయడం తేలికే. ఈ కుర్రాడి ప్రశ్నకు అవి సమాధానం కావు.

ఇంకో ప్రశ్న అడగబోయి ఆగాం. క్షమిస్తారా అని. ఆ ప్రశ్న అడగకూడదని ముగ్గురం ముందే అనుకున్నాం. విదేశాల్లో బాధితులనూ నేరం చేసినవాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతులున్నాయని నాకు తెలుసు. వాటిని తక్కువ చేయను. మా ప్రాంతంలో మాత్రం ‘రాజీ’కి వేరే చరిత్ర ఉంది. ఫ్యాక్షన్ కాలం నుంచీ పెద్దమనుషులు కూర్చుని, భర్తను పోగొట్టుకున్నామె చేతిలో ఇంత అని పెట్టి, కేసు నీరుగార్చిన పంచాయితీలు ఎన్ని జరగలేదు? ఈ కేసులోనూ విచారణకు ముందు ఆ తల్లి దగ్గరికి అలాంటి మనుషులు వచ్చి పోయారు. ‘మీరు ఒప్పుకుంటే అతను ఆడతాడు’ అని కమిటీ అడిగితే భారమంతా ఆమె మీద పడుతుంది. ఆమె కాదంటే ఊరంతా ఆమెనే రాయిగుండె అంటుంది. అందుకే కుటుంబం సమ్మతిని షరతుగా పెట్టలేదు. వాళ్ళకు ఏం ఇబ్బందో తెలుసుకుని, ఆ ఇబ్బంది రాకుండా చూసే బాధ్యత సంఘం మీద పెట్టాం.

రైడర్

మంచి ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి. సీనియర్ పురుషుల బరువు పరిమితి 85 కిలోలకు లోపలే ఉన్నాడు. పొద్దున్నే పరుగు, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యలో వెల్డింగ్ షాపులో పని. జైలు ప్రవర్తన రికార్డులో మచ్చ లేదు. సంఘం వాళ్ళు ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ ముందుకు తోశారు. దానికి నేను పెద్ద విలువ ఇవ్వలేదు. లోపల నిబంధనలు పాటించాడని చెప్పడానికి అది పనికొస్తుంది, అంతవరకే. అక్కడ పాయింటు కోసం గొడవపడాల్సిన అవసరం ఎవరికీ రాదు.

నాకు తెలియాల్సింది అది. నేరం పుట్టిందే ఒక పాయింటు దగ్గర. బయటికొచ్చాక అతను ఆడిన పల్లె పోటీల రెఫరీలను విడివిడిగా కలిశాం. నిర్ణయం నచ్చకపోతే చెయ్యెత్తి అడుగుతాడు, కాదంటే తిరిగి లైను దగ్గరికి పోతాడు అన్నారు. ఒక చోట ఎదుటి జట్టు కుర్రాళ్ళు కావాలనే “జైలు, జైలు” అని అరిచారట. రెయిడ్ ముగించుకుని వచ్చి కూర్చున్నాడట. ఈ సాక్ష్యం నాకు జైలు కాగితం కంటే బరువైంది.

అతనితో చాలాసేపు మాట్లాడాం. “ఒక్క దెబ్బే కదా అంటారు సార్ అందరూ. లోపలున్నప్పుడు నేనూ అట్లే అనుకుంటాంటి. ఇప్పుడెవరన్నా అంటే నాకే ఒళ్ళు మండుతుంది” అన్నాడు.

సాక్షుల సంగతి అడిగితే తల దించుకున్నాడు. “మా మామ చూసుకున్నాడు. నేను లోపలున్నా.”

“నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు సార్.”

మేనమామ మామూలు మనిషి కాదు. రైడర్ ఆడే క్లబ్బుకు డబ్బు పెట్టేది ఆయనే. మ్యాట్లు కొనిచ్చాడు, జెర్సీలు కుట్టించాడు, జిల్లా పోటీల ఖర్చులో కొంత భరించాడు. సంఘం మమ్మల్ని నియమించిందన్న మాటేగానీ ‘రానివ్వండి’ అన్న జవాబు కోసమే ఎదురుచూస్తోందని అప్పుడర్థమైంది.

చట్టం ఎంతవరకు

చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న: శిక్ష పడిన ఆటగాణ్ణి ఆడనివ్వకూడదని చట్టం ఉందా? లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం 2 ఏళ్ళు, అంతకు మించి శిక్ష పడినవాళ్ళు విడుదలయ్యాక కూడా 6 ఏళ్ళ దాకా ఎన్నికల్లో నిలబడలేరు. ఆటగాళ్ళకు అలాంటి నిబంధన ఏదీ పార్లమెంటు చేయలేదు. కాబట్టి భారమంతా సంఘాల మీదే పడుతుంది.

సంఘాలు తమది ప్రైవేటు సొసైటీ అని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని అనుకుంటాయి. 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో క్రికెట్ బోర్డు బీసీసీఐ ‘రాజ్యం’ (ప్రభుత్వ సంస్థ) కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే ప్రజలకు సంబంధించిన పని చేస్తోంది గనుక హైకోర్టు రాజ్యాంగం 226 అధికరణ కింద ప్రశ్నించవచ్చని 2015లో అదే కోర్టు స్పష్టం చేసింది. ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో ఇరుక్కున్న క్రికెటర్ శ్రీశాంత్ విషయం చూడండి. అతనికి శిక్ష పడలేదు, ఢిల్లీ కోర్టు 2015లోనే అతన్ని కేసు నుంచి తప్పించింది. బీసీసీఐ జీవితకాల నిషేధం మాత్రం కొనసాగింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి, ఎంత శిక్ష తగునో మళ్ళీ ఆలోచించమంది. తర్వాత అది 7 ఏళ్ళకు తగ్గింది. జిల్లా సంఘానికి నేను చెప్పిందేమిటంటే, కారణాలు రాయకుండా శాశ్వతంగా గేటు మూస్తే కోర్టులో నిలబడదు. కారణాలు రాయకుండా తెరిస్తే ఆ తల్లికి మీరు ముఖం చూపించలేరు.

క్రీడా సర్టిఫికెట్ సంగతీ ఉంది. జిల్లా, రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్‌కు సీట్లలో, ఉద్యోగాల్లో విలువ ఉంటుంది. దరఖాస్తులో కేసు సంగతి దాస్తే ఏమవుతుందో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం నైతిక పతనంతో కూడిన నేరంలో 2 ఏళ్ళకు తగ్గని శిక్ష పడితే 5 ఏళ్ళపాటు పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. రైడర్‌కు ఇవన్నీ చెప్పాను. అంతర్జాతీయ ఆట, సర్కారు కొలువు అతని లెక్కలో లేవు. తిరుణాల పోటీల డబ్బే అతని సంపాదన. ‘ఆడుకోవడం వేరు, పొట్ట గడవడం వేరు’ అనేవాళ్ళు ఈ పల్లె పోటీల సంగతి తెలియనివాళ్ళు.

మైనర్ల విషయంలో ఒక మాట. 18 ఏళ్ళలోపు చేసిన నేరానికి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఏ అనర్హతా అంటదు. 16 దాటి, పెద్దవాళ్ళలాగే విచారణకు గురైన కేసులు మినహాయింపు. కాబట్టి పిల్లల ఎంట్రీ ఫారాల్లో ‘నీ మీద కేసులున్నాయా’ అనే గడి పెట్టొద్దని సంఘానికి గట్టిగా చెప్పాను.

కమిటీ గదిలో

“సిద్ధూ ఆడలేదా సార్?” అన్నారు పీడీ సార్. ఆడాడు. పటియాలాలో 1988లో క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ ఉన్న గొడవలో 65 ఏళ్ళ పెద్దాయన చనిపోయాడు. సిద్ధూ 1999 దాకా దేశానికి ఆడుతూనే ఉన్నాడు. ఆ ఏడాదే సెషన్స్ కోర్టు నిర్దోషి అంది, 2006లో హైకోర్టు 3 ఏళ్ళ శిక్ష వేసింది, 2018లో సుప్రీంకోర్టు 1000 రూపాయల జరిమానాతో సరిపెట్టింది, 2022లో రివ్యూలో ఏడాది జైలు వేసింది. ఆటగాడి కెరీర్ విచారణ నీడలోనే ముగిసిపోయింది, కుటుంబం 34 ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. ఇది మాకు ఆదర్శమని నేనొప్పుకోలేదు. ఆడేవాడి వయసు ఆగదని తొందరపడతాం. అవతలివాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో లెక్కపెట్టం. పైగా నేరం రుజువు కాని మనిషికీ, రుజువై శిక్ష అనుభవించిన మనిషికీ ఒకే కొలత పనికిరాదు.

కోచ్ మేడం స్టీవెన్ వాన్ డె వెల్డె పేరెత్తింది. నెదర్లాండ్స్ బీచ్ వాలీబాల్ ఆటగాడు. 12 ఏళ్ళ పిల్లపై అత్యాచారానికి 2016లో ఇంగ్లండ్ కోర్టు 4 ఏళ్ళ శిక్ష వేసింది. 2017లో మళ్ళీ ఆటలోకి వచ్చాడు, అప్పట్లో 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాడు. మేం మాట్లాడుకున్నప్పటికి అది జరగలేదు, ఆ తర్వాత జరిగింది. క్రీడాగ్రామంలో ఉంచకుండా వేరే బస ఇచ్చారు, విలేకరులకు దూరంగా ఉంచారు, స్టాండ్లలో జనం ఈలలేసి నిరసన తెలిపారు. “మన దగ్గర వేరే బస ఎక్కడుంది సార్? జిల్లా క్యాంపులో స్కూలు గదుల్లో చాపలేసుకుని పడుకుంటారు. సీనియర్లు, జూనియర్లు ఒకే బస్సు. పిల్లల మీద నేరం చేసినవాణ్ణి ఏ షరతు మీద రానిస్తారు?” అంది. నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించాను. పిల్లల మీద, ఆడవాళ్ళ మీద నేరాల్లో ఆట ఇచ్చే చనువే ప్రమాదం. దాన్ని అడ్డుకునే ఏర్పాటు లేని చోట శిక్ష ముగిసిందన్న మాట సరిపోదు. అలాంటి దరఖాస్తు వస్తే తిరస్కరించమనే రాస్తాను, కోర్టులో వాదించడానికీ సిద్ధంగా ఉన్నాను.

మరి మనిషిని చంపినవాణ్ణి ఎలా రానిస్తారని ఆమే మళ్ళీ అడిగింది. నేరం ఎంత పెద్దదన్నదొక్కటే కొలత అయితే ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆటలోకి వస్తే ఎవరికి ఏ ప్రమాదం, అదే పరిస్థితి మళ్ళీ ఎదురైతే ఏం చేస్తాడు, బాధితులకు మళ్ళీ ఏ గాయం, ఈ మూడూ చూడాలన్నాను. మొదటి రెండింటికీ రెఫరీల మాటలున్నాయి. మూడోది మా చేతిలో ఉంది.

జట్టులోని కుర్రాళ్ళనూ ఒక్కొక్కరినీ విడిగా అడిగాం. 2015 డిసెంబరులో మహమ్మద్ ఆమిర్‌ను పాకిస్తాన్ క్రికెట్ జట్టు శిబిరానికి పిలిచినప్పుడు తోటి ఆటగాళ్ళు హఫీజ్, అజహర్ అలీ మొదట రామన్నారు. స్పాట్ ఫిక్సింగ్‌లో జైలుకెళ్ళి 5 ఏళ్ళ నిషేధం ముగించుకున్న మనిషి పక్కన నిలబడటం వాళ్ళకిష్టం లేకపోయింది. తర్వాత సర్దుకున్నారనుకోండి. జట్టంతా కూర్చున్నచోట అడిగితే మన పల్లెల్లో ఎవడూ కాదనడు. విడిగా అడిగితే ఒక కుర్రాడు అన్నాడు: “అన్నతో ఆడతా సార్, కెప్టెన్ అయితే మాత్రం నేనుండను. ‘లే’ అంటే లేవాల్సొస్తుంది కదా.” కెప్టెన్సీ గురించి మేం రాసిన షరతు ఆ కుర్రాడిదే.

సిఫార్సులు

రైడర్‌ను సెలక్షన్లకు రానివ్వమన్నాం. ప్రతిభ ఉంటే జిల్లా జట్టులో తీసుకోవచ్చు. చనిపోయిన కుర్రాడి తమ్ముడు సెలక్షన్లకు ఏ రోజు, ఏ పూట రావాలో ముందు అతన్నే అడగాలి, రైడర్‌ను వేరే పూట పిలవాలి. ఇద్దరూ ఎంపికైతే ప్రాక్టీసులో ఎదురెదురు నిలబెట్టకూడదు. ఒకే క్యాంపులో ఉండలేనని తమ్ముడంటే, సర్దుకోవాల్సింది రైడర్, తమ్ముడు కాదు. ఈ వాక్యం మీద సంఘం చాలా గొడవపడింది. తీసేయమన్నారు. తీయలేదు. అన్నను పోగొట్టుకున్నవాడే మళ్ళీ ఆటనూ పోగొట్టుకోవాలంటే ఈ విచారణ ఎందుకు?

ఆ కుటుంబం ఉన్న మండలంలో సంఘం గుర్తింపున్న ఏ పోటీలోనూ రైడర్ ఆడకూడదు. దీనికి గడువు లేదు. కెప్టెన్సీ లేదు, సన్మానాలు లేవు, ఫ్లెక్సీలు లేవు. 18 ఏళ్ళలోపు పిల్లలకు శిక్షణ ఇవ్వకూడదు. ఏ దరఖాస్తులోనూ కేసు సంగతి దాచకూడదు. రైడర్ తరఫున గానీ, సంఘం తరఫున గానీ ఎవరూ రాజీ పేరుతో, పరిహారం పేరుతో, క్షమాపణ పేరుతో ఆ ఇంటి గడప తొక్కకూడదు. ఆ తల్లి తానుగా కబురు చేస్తే వేరే మాట.

మిగిలింది మేనమామ. సాక్షుల్ని తిప్పారని ఆయన మీద ఏ కోర్టూ తేల్చలేదు కాబట్టి ఆయన్ని దోషి అనే అధికారం మాకు లేదు. కానీ ఆ సాయం అందుకున్నానని రైడరే ఒప్పుకున్నాడు. అందుకని ఆ డబ్బుతో నడిచే క్లబ్బు తరఫున అతను రాకూడదని, వేరే క్లబ్బు చూసుకుంటేనే దరఖాస్తు తీసుకోవాలని రాశాం. సంఘం కార్యదర్శి మొహం మాడింది. మ్యాట్లు ఎవరిస్తారని అడిగారు.

రైడర్ ఆ షరతు విని ఒక పూట గడువు అడిగాడు. మరుసటి రోజు వచ్చి ఒప్పుకున్నాడు. కొత్త క్లబ్బులో అతనికొచ్చేది పాత దానికంటే బాగా తక్కువ. అతను చెప్పిన పశ్చాత్తాపం మాటల కంటే ఆ నష్టానికి ఒప్పుకోవడమే నన్ను ఎక్కువ నమ్మించింది.

తర్వాత జరిగింది

సంఘం దాదాపు అన్నీ ఒప్పుకుంది. రైడర్ ఆ ఏడాది జిల్లా జట్టులో రిజర్వుగా చోటు సంపాదించాడు, మరుసటి ఏడాది మొదటి ఏడుగురిలోకి వచ్చాడు. మ్యాట్ మీద ఒక్క గొడవా లేదు.

మ్యాట్ బయట జరిగింది. సొంత ఊరి కుర్రాళ్ళు ‘సింహం మళ్ళీ బరిలోకి’ అని రోడ్డు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆ దారిలోనే ఆ తల్లి కూలికి ఆటోలో పోతుంది. రైడరే మేడానికి ఫోన్ చేసి చెప్పాడు, మర్నాటికి తీయించాడు. అప్పటికే ఆమె చూసింది. ఇలాంటి ఫ్లెక్సీలు మన ఊళ్ళలో ఎవరికి కట్టరు? బెయిలు మీద వచ్చినవాళ్ళకూ కడతారు, జైలు గేటు దగ్గరే దండలేస్తారు. ఒక ఆటగాడి మీద షరతు పెట్టగలం, అతన్ని వీరుణ్ణి చేయాలనుకునే ఊరిమీద పెట్టలేం. ఆ కుర్రాళ్ళను పిలిపించి మాట్లాడాం. ఇద్దరు ముగ్గురికి నిజంగానే అది తప్పని తోచలేదు. “అన్న శిక్ష పడొచ్చినాడు కదా సార్, ఇంకేముంది?” అన్నారు.

తమ్ముడు సెలక్షన్లకు వచ్చాడు, బాగా ఆడాడు, ఎంపికయ్యాడు. క్యాంపు నాటికి రాలేదు. చదువు మార్చుకుని కడపలో ఒక కాలేజీలో చేరి అక్కడి జట్టుకు ఆడుతున్నాడు. చదువు కోసమే వెళ్ళానని అంటాడు. కావచ్చు. అయినా మేం పెట్టిన షరతుల ఫలితం రాసేటప్పుడు రైడర్ పాయింట్లతో పాటు ఇదీ రాయాలి. సొంత జిల్లాకు ఆడే అవకాశం ఉండీ ఆ కుర్రాడు వేరే జిల్లాకు ఆడుతున్నాడు. రెండేళ్ళ సమీక్షలో దీన్ని మొదటి పేజీలో పెట్టమన్నాను, పెట్టారు.

అదే సమీక్షలో రైడర్ కోచింగ్ సర్టిఫికెట్ కోర్సుకు అనుమతి అడిగాడు. పెద్దవాళ్ళకు నేర్పే మేరకు సరే అన్నాం, పిల్లల విషయంలో షరతు అలాగే ఉంది. కెప్టెన్సీ షరతు తీసేయమని సంఘం అడిగింది. ఆనాడు కాదన్న కుర్రాణ్ణి మళ్ళీ అడిగితే అతని మాటేమీ మారలేదు. ఉంచేశాం.

ఇటీవల పొరుగు జిల్లా నుంచి ఒక సంఘం వాళ్ళు మా రిపోర్టు ప్రతి అడిగారు. అక్కడి ఆటగాడు తాగి కారు నడిపి ఇద్దరి ప్రాణాలు తీశాడు, శిక్ష ముగించుకుని వచ్చాడు. షరతుల పేజీలు పక్కన పెట్టి, ఎవరిని కలవాలి, ఏ వరసలో కలవాలి అన్న పేజీలు మాత్రం పంపాను. షరతులు ఈ కేసువి, అక్కడ అతకవు. ఆ రెండు కుటుంబాలతో ఎవరైనా మాట్లాడారా అని అడిగితే ఇంకా లేదన్నారు, ముందు ఆటగాణ్ణి విచారిద్దామనుకుంటున్నారట. వరస మార్చమని చెప్పాను.